సినిమా డిస్కులకు గేమ్ కన్సోల్ సరిపోతుందా, విడిగా ప్లేయర్ కొనాలా?

టీవీ కింద గేమ్ కన్సోల్ ఉన్నవారు సినిమా డిస్కులు కొనడం మొదలుపెట్టగానే ఒక సందేహం వస్తుంది. ఉన్న యంత్రంలోనే డిస్కు వేసి చూసుకుంటే చాలా, సినిమాల కోసం వేరే ప్లేయర్ తెచ్చుకోవాలా? ఇంకా ఏదీ కొననివారికి ఇదే సందేహం మరో రూపంలో వస్తుంది: రెండు పనులూ చేసే యంత్రం ఉండగా ఒక్క పని చేసేదాన్ని ఎందుకు కొనాలి? నా అభిప్రాయం ముందే చెబుతాను. డిస్కు డ్రైవ్ ఉన్న కన్సోల్ ఇప్పటికే ఇంట్లో ఉంటే దాని సెట్టింగులు సరిచేసి కొంతకాలం దాన్నే వాడండి. చాలామందికి అది చాలు. ఆటలు ఆడే ఉద్దేశం లేకుండా సినిమాల కోసమే కన్సోల్ కొనడం మాత్రం ఈ రోజుల్లో తెలివైన బేరం కాదు.

ఒకప్పుడు అది తెలివైన బేరమే. 2006 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 3 అప్పటి విడి బ్లూ-రే ప్లేయర్లలో చాలావాటి కన్నా చవక. పైగా వేగంలోనూ, కొత్త సాఫ్ట్‌వేర్ అందుకోవడంలోనూ వాటిని మించిపోయింది. 2008లో బీడీ-లైవ్ (డిస్కుకు అదనపు విశేషాలను ఇంటర్నెట్ నుంచి తెచ్చే) సదుపాయం, 2010లో 3డీ బ్లూ-రే, రెండూ దానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లతోనే అందాయి; అదే కాలంలో కొన్న తొలితరం ప్లేయర్లలో చాలావాటికి అలాంటి అవకాశమే లేకపోయింది. కన్సోల్ అంటే మంచి డిస్కు ప్లేయర్ అన్న పేరు అప్పుడు వచ్చిందే. తర్వాతి తరాల్లో తయారీ సంస్థల శ్రద్ధ డిస్కుల నుంచి ఆన్‌లైన్ సినిమాల వైపు మళ్లింది, కానీ ఆ పాత పేరు మాత్రం నిలిచిపోయింది. అందుకే ఇప్పుడు ఎంచుకునేవారు పేరును పక్కనపెట్టి, ఏ మోడల్ ఏ డిస్కును ఎలా చూపిస్తుందో విడివిడిగా చూసుకోవాలి.

## ముందుగా తేల్చుకోవలసినవి

మీ దగ్గర ఏ డిస్కులు ఉన్నాయి, ఏవి కొనబోతున్నారు? మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే. డీవీడీలో చిత్రం 720×480 లేదా 720×576 పిక్సెళ్లు, బ్లూ-రేలో 1920×1080, 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేలో 3840×2160. డీవీడీ ఒక పక్కన గరిష్ఠంగా 8.5 జీబీ, బ్లూ-రే సాధారణంగా 25 లేదా 50 జీబీ, 4కే డిస్కు 50, 66 లేదా 100 జీబీ పట్టుకుంటాయి. ఆన్‌లైన్‌లో 4కే సినిమా సాధారణంగా సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్ల వేగంతో వస్తుంటే, 4కే డిస్కు నుంచి డేటా గరిష్ఠంగా సెకనుకు 128 మెగాబిట్ల వరకూ రావచ్చు. ఈ తేడా పగటి సన్నివేశాల్లో అంతగా పట్టుబడదు. చీకటి గదిలో ఒక్క దీపం వెలుగు గోడ మీద మెల్లగా పలచబడుతున్న దృశ్యం తీసుకోండి: డిస్కులో ఆ వెలుగు ఎక్కడ ముగిసి నీడ ఎక్కడ మొదలైందో తెలియదు, బాగా కుదించిన ప్రసారంలో అది మెట్లు మెట్లుగా విడిపోయి, గోడ మీద పట్టీలు గీసినట్టు కనిపిస్తుంది. డిస్కుకు డబ్బు పెట్టేది ఇలాంటి చోట్ల కోసమే కనుక, దాన్ని చూపించే యంత్రం ఆ లాభాన్ని పోగొట్టకూడదు.

మీ టీవీ ఏ హెచ్‌డీఆర్‌ను (చీకటి, వెలుగుల మధ్య తేడాను మరింత విస్తారంగా చూపే పద్ధతిని) అంగీకరిస్తుంది? హెచ్‌డీఆర్ ఉన్న ప్రతి 4కే డిస్కులోనూ హెచ్‌డీఆర్10 తప్పనిసరిగా ఉంటుంది. హెచ్‌డీఆర్‌లో మరో రెండు రకాలైన డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10+ ఐచ్ఛికం. హెచ్‌డీఆర్10లో వెలుగు వివరాలు సినిమా మొత్తానికీ ఒకేసారి చెబుతారు. మిగతా రెండింటిలో అవి సన్నివేశాన్ని బట్టి మారుతూ వస్తాయి. చాలా ప్రకాశవంతమైన టీవీలో ఈ తేడా స్వల్పం. మధ్యతరగతి టీవీలోనే అది ఎక్కువగా తెలుస్తుంది, ఎందుకంటే 1000 లేదా 4000 నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగును దృష్టిలో పెట్టుకుని తయారైన చిత్రాన్ని తన శక్తి మేరకు కుదించుకోవలసిన భారం అలాంటి టీవీ మీదే పడుతుంది.

ధ్వని ఎటు వెళ్తుంది? టీవీ స్పీకర్లతో చూసేవారు ఈ భాగాన్ని వదిలేయవచ్చు. డాల్బీ అట్మాస్, డీటీఎస్:ఎక్స్ (పై నుంచి కూడా ధ్వని వినిపించే పద్ధతులు) తెలిసిన సౌండ్‌బార్ గానీ ఏవీ రిసీవర్ (స్పీకర్లకు ధ్వనిని పంచే యంత్రం) గానీ ఉన్నవారు మాత్రం యంత్రం ఆ ధ్వనిని విప్పకుండా బిట్‌స్ట్రీమ్‌గా యథాతథంగా పంపగలదా అని చూడాలి. పాత సౌండ్ సిస్టమ్ ఉన్నవారు ఆప్టికల్ పోర్టు (కాంతి తీగతో ధ్వని పంపేది) ఉందో లేదో చూసుకోవాలి. ప్లేస్టేషన్ 5లోనూ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లోనూ ఆ పోర్టు లేదు.

ఇంట్లో డిస్కు నడిపేది ఎవరు? లక్షణాల పట్టికల్లో ఈ ప్రశ్న కనిపించదు, కానీ కన్సోల్‌తో విసిగిపోయి ప్లేయర్ కొనేవారిలో చాలామందిని ఆ నిర్ణయానికి తెచ్చేది చిత్రనాణ్యత కన్నా రోజువారీ వాడకమే అని నా నమ్మకం. దీని గురించి కింద వివరంగా రాశాను.

## ఏది ఏ డిస్కును చదువుతుంది?

| యంత్రం | డీవీడీ | బ్లూ-రే | 4కే బ్లూ-రే | 3డీ బ్లూ-రే | డిస్కు నుంచి డాల్బీ విజన్ | ఆడియో సీడీ |
|---|---|---|---|---|---|---|
| ప్లేస్టేషన్ 3 | అవును | అవును | లేదు | అవును | లేదు | అవును |
| ప్లేస్టేషన్ 4, 4 ప్రో | అవును | అవును | లేదు | అవును | లేదు | లేదు |
| ఎక్స్‌బాక్స్ వన్ (2013) | అవును | అవును | లేదు | అవును | లేదు | అవును |
| ఎక్స్‌బాక్స్ వన్ ఎస్, వన్ ఎక్స్ | అవును | అవును | అవును | అవును | లేదు | అవును |
| ప్లేస్టేషన్ 5 (డ్రైవ్ ఉన్నది) | అవును | అవును | అవును | లేదు | లేదు | లేదు |
| ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ (డ్రైవ్ ఉన్నది) | అవును | అవును | అవును | లేదు | లేదు | అవును |
| విడి 4కే ప్లేయర్ | అవును | అవును | అవును | మోడల్‌ను బట్టి | మోడల్‌ను బట్టి | సాధారణంగా అవును |

పట్టికలో లేని కొన్నిటి గురించి ఒక మాట. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ ఆల్-డిజిటల్, ప్లేస్టేషన్ 5 డిజిటల్ ఎడిషన్, వీటిలో డ్రైవే ఉండదు. సిరీస్ ఎక్స్‌కు కూడా 2024లో డ్రైవ్ లేని రకం వచ్చింది కనుక పెట్టె మీద పేరు ఒక్కటే చూసి కొనవద్దు. నింటెండో యంత్రాలను సినిమా డిస్కుల లెక్కలోకి తీసుకోనక్కరలేదు. వీ, వీ యూ డిస్కులతో నడిచినా సినిమా డీవీడీలను ఆడించవు, స్విచ్ కార్డులతో నడుస్తుంది.

## పాత కన్సోళ్లు

ప్లేస్టేషన్ 3 ఇంకా పనిచేస్తున్నవారు దాన్ని పారేయకండి. మామూలు బ్లూ-రేలను సెకనుకు 24 ఫ్రేముల అసలు వేగంతోనే చూపిస్తుంది, 3డీ డిస్కులు ఆడిస్తుంది, డీవీడీ చిత్రాన్ని పెద్ద తెరకు తగ్గట్టు శ్రద్ధగా పెంచుతుంది. తొలి మోడళ్లలో కొన్ని ఎస్ఏసీడీలు (మేలైన ధ్వని ఉన్న ఆడియో డిస్కులు) కూడా చదివేవి. లోపాలూ ఉన్నాయి. మొదట వచ్చిన లావుపాటి మోడల్ డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ ధ్వనులను తానే విప్పి పీసీఎంగా (విప్పేసిన మామూలు డిజిటల్ ధ్వనిగా) మార్చి పంపగలదు కానీ బిట్‌స్ట్రీమ్‌గా పంపలేదు. 2009లో వచ్చిన స్లిమ్ మోడల్‌తో ఆ లోటు తీరింది. ఏ మోడల్‌కూ ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ లేదు కనుక మామూలు రిమోట్లు దానితో పనిచేయవు.

ప్లేస్టేషన్ 4 గురించి చెప్పవలసింది తక్కువే. మంచి బ్లూ-రే ప్లేయర్. 3డీ బ్లూ-రే 2014లో చేరింది. ఆడియో సీడీ మాత్రం చదవదు. అయితే 2016లో వచ్చిన 4 ప్రో విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఆటలనూ, ఆన్‌లైన్ వీడియోనూ 4కేలో చూపించే ఈ యంత్రంలోని డ్రైవ్ 4కే డిస్కును చదవలేదు. ఇది ఏ అప్‌డేట్‌తోనూ తీరేది కాదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు తరచుగా పొరబడే చోటు ఇదే.

అదే ఏడాది, 2016 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ 4కే డిస్కులు చదివిన మొదటి కన్సోల్. 4కే, 3డీ, ఆడియో సీడీ మూడింటినీ ఒకే యంత్రంలో ఆడించే కన్సోల్ కావాలంటే ఇప్పటికీ వన్ ఎస్, వన్ ఎక్స్ తప్ప వేరేవి లేవు. వన్ ఎస్‌లో ఆప్టికల్ పోర్టు, ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ కూడా ఉన్నాయి. కాగితం మీద ఇంత ఆకర్షణీయంగా ఉన్నా, సెకండ్‌హ్యాండ్‌లో వీటిని సినిమాల కోసం కొనమని నేను చెప్పను. ఏళ్ల తరబడి ఆటల డిస్కులు తిరిగిన డ్రైవ్‌కు 100 జీబీ మూడు పొరల డిస్కు కఠిన పరీక్ష. సినిమా సగం దాటాక చిత్రం ఆగిపోయే ఇబ్బంది ముందుగా బయటపడేది అలాంటి డిస్కులతోనే. పైగా ఎక్స్‌బాక్స్ డ్రైవ్‌ను అందులోని మదర్‌బోర్డుతో జతచేసి ఉంచుతారు. వేరే యంత్రం నుంచి తీసిన డ్రైవ్‌ను నేరుగా బిగిస్తే పనిచేయదు, పాత డ్రైవ్‌లోని సర్క్యూట్ బోర్డును కొత్తదానికి మార్చుకోవలసి వస్తుంది.

## ప్లేస్టేషన్ 5

2020 నవంబరులో వచ్చిన ఈ యంత్రం 4కే డిస్కును హెచ్‌డీఆర్10లో చక్కగా చూపిస్తుంది, డిస్కు వేశాక మెనూ త్వరగా వస్తుంది, బిట్‌స్ట్రీమ్ ఎంచుకుంటే అట్మాస్, డీటీఎస్:ఎక్స్ ధ్వనిని రిసీవర్‌కు యథాతథంగా పంపుతుంది. కొత్త సినిమాలు అప్పుడప్పుడు చూసేవారికి ఇంతకు మించి అవసరం రాకపోవచ్చు.

కొరతలను గట్టిగానే చెప్పాలి. డాల్బీ విజన్ డిస్కులోనూ లేదు, ఆన్‌లైన్ యాప్‌లలోనూ లేదు. ప్లేస్టేషన్ 4లో ఉన్న 3డీ బ్లూ-రే దీనిలో తీసేశారు. కాంపాక్ట్ డిస్కును అసలు చదవదు కనుక ఆడియో సీడీలూ, పాత వీసీడీలూ రెండూ పనికిరావు. పాటల సీడీలు దాచుకున్నవారికి ఈ ఒక్క కారణమే నిర్ణయాత్మకం కావచ్చు.

2023లో వచ్చిన సన్నని మోడల్‌లో డ్రైవ్ విడదీయగలిగే భాగమైంది. 2024 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోతో డ్రైవ్ అసలే రాదు, విడిగా కొని తగిలించుకోవాలి. దీనిలో మంచీ ఉంది, చెడూ ఉంది. డ్రైవ్ పాడైతే యంత్రమంతా విప్పకుండా కొత్తది తగిలించుకోవచ్చు. కానీ తగిలించిన డ్రైవ్‌ను ఇంటర్నెట్ ద్వారా ఒకసారి నమోదు చేయనిదే అది పనిచేయదు. ఇంకొక పది పదిహేనేళ్ల తర్వాత కూడా తన డిస్కులు చూసుకోవాలనుకునేవారు ఆలోచించవలసిన విషయం ఇది: డిస్కు మీ చేతిలో ఉన్నా, దాన్ని చదివే డ్రైవ్ పనిచేయడానికి ఎక్కడో ఒక సర్వర్ జవాబివ్వాలి. డిస్కులు కొనేది ఎవరి అనుమతీ అక్కరలేకుండా సినిమా మన దగ్గర ఉండాలనే కదా.

## ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్

చిత్రం విషయంలో ప్లేస్టేషన్ 5కూ దీనికీ కంటికి కనిపించేంత తేడా లేదు. ఇదీ హెచ్‌డీఆర్10 వరకే. ఆటల్లోనూ, ఆన్‌లైన్ యాప్‌లలోనూ డాల్బీ విజన్ ఇచ్చే ఈ యంత్రం డిస్కు నుంచి మాత్రం ఇవ్వదు. పెట్టె మీద డాల్బీ విజన్ గుర్తు చూసి డిస్కులకూ వస్తుందనుకోవడం సహజమే, కానీ రాదు. 3డీ ఇక్కడా లేదు.

దీని వైపు మొగ్గు చూపించే అంశాలు రెండు. ఒకటి, ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ ఉండటం వల్ల చవకైన మీడియా రిమోట్‌తోనూ, అన్ని యంత్రాలకూ కలిపి వాడే యూనివర్సల్ రిమోట్‌తోనూ దీన్ని నడపవచ్చు. రెండు, ఆడియో సీడీలు చదువుతుంది. బ్లూ-రే ఆడించే యాప్‌ను మొదటిసారి ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి; కొత్త యంత్రం తెచ్చి అదే సాయంత్రం సినిమా పెట్టాలనుకునేవారు ఆ పని ముందుగా ముగించుకోవడం మంచిది.

## విడి 4కే ప్లేయర్లు

ఈ మార్కెట్ ఏటేటా చిన్నదవుతోంది. రసికులు ఎంతో మెచ్చిన ఒప్పో 2018లో ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకుంది. సామ్‌సంగ్, ఎల్‌జీ కూడా తర్వాత వెనక్కి తగ్గాయి. ప్రధానంగా చెప్పుకోదగిన పేర్లు పానాసోనిక్, సోనీ.

పానాసోనిక్ డీపీ-యూబీ820 ఎందుకు ఇంత పేరు తెచ్చుకుందో తెలిస్తే, విడి ప్లేయర్ కన్సోల్ కన్నా అదనంగా ఏం ఇస్తుందో తెలిసిపోతుంది. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10+ రెండూ డిస్కు నుంచే పంపుతుంది. ఆ రెండూ లేని హెచ్‌డీఆర్10 డిస్కుకు హెచ్‌డీఆర్ ఆప్టిమైజర్ అనే సదుపాయం ఉంది: మీ టీవీ రకం, దాని వెలుగు ఎంతో మీరు ముందే చెబితే, అంతకు మించిన వెలుగును ప్లేయరే పద్ధతిగా కుదించి పంపుతుంది. సూర్యుడి చుట్టూ మేఘాల అంచులు తెల్లగా మాసిపోకుండా విడివిడిగా నిలుస్తాయి. ప్రొజెక్టర్ వాడేవారికి దీని విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ప్రొజెక్టర్ వెలుగు టీవీతో పోలిస్తే చాలా తక్కువ. కన్సోల్‌లో మొదట సరిచూసుకునే వెలుగు కొలతలు ప్రధానంగా ఆటల కోసం ఉద్దేశించినవి. అవి సినిమా డిస్కుకు ఈ పని చేయవు.

సోనీ యూబీపీ-ఎక్స్700 ధరలో దిగువన ఉండి డాల్బీ విజన్ ఇస్తుంది. అయితే దీనిలో ఆ సెట్టింగును మనమే పెట్టాలి, మనమే తీసేయాలి. పెట్టి మరిచిపోతే డాల్బీ విజన్ లేని డిస్కులు కూడా ఆ రూపంలోనే బయటికి వెళ్లి రంగులు, వెలుగు తప్పుతాయి. డిస్కు మార్చినప్పుడల్లా మెనూలోకి వెళ్లే ఓపిక ఉన్నవారికి ఇది మంచి యంత్రం. ఇంట్లో నలుగురూ వాడేచోట నేను సిఫారసు చేయను.

ఈ రెండింటిలోనూ ఉండి ఏ కన్సోల్‌లోనూ లేనిది బయటికి పంపే రెండో హెచ్‌డీఎంఐ పోర్టు. ఒక తీగ టీవీకి చిత్రాన్ని, మరొకటి రిసీవర్‌కు ధ్వనిని తీసుకెళ్తాయి. 4కే, హెచ్‌డీఆర్ తెలియని పాత రిసీవర్‌ను మార్చకుండా 4కే టీవీతో వాడుకోవడానికి ఇదే సులువైన దారి. రిసీవర్ మార్చే ఖర్చు మిగులుతుంది కనుక, కన్సోల్ ఉన్నా ప్లేయర్ కొనడం కొందరికి చివరి లెక్కలో చవకే అవుతుంది.

లోటు కూడా చెప్పాలి. చవక ప్లేయర్లలో ఆన్‌లైన్ యాప్‌లు తక్కువ, ఉన్నవీ కొన్నేళ్లకు అప్‌డేట్లు లేక మూలపడతాయి. ముందు భాగాన డిస్‌ప్లే లేని మోడళ్లే ఎక్కువ. డిస్కు చదవడంలో, మెనూ తేవడంలో కన్సోల్ కన్నా నెమ్మది.

## కంట్రోలర్, చప్పుడు, కరెంటు

సినిమా మొదలవుతుంది, కంట్రోలర్ సోఫా మీద పక్కన పెడతారు. ఎవరో కాలు ముడుచుకుని సర్దుకుని కూర్చునేసరికి దాని వెనుకనున్న ట్రిగర్ నొక్కుకుపోతుంది, మాట్లాడుతున్న పాత్రలు ఒక్కసారిగా పరుగెత్తడం మొదలుపెడతాయి. వెనక్కి తెచ్చుకుంటారు. కాసేపటికి వాడకం లేదని కంట్రోలర్ తనంతట తానే ఆగిపోతుంది. ఫోన్ మోగి సినిమా ఆపాలంటే ముందు దాన్ని మేల్కొలపాలి, ఆ తర్వాత గుర్తుపట్టి బొత్తాం నొక్కాలి. ఆటలు ఆడేవారికి ఇవేవీ లెక్కలోకి రావు. ఎప్పుడూ కంట్రోలర్ పట్టని అమ్మమ్మకో నాన్నగారికో మాత్రం చీకట్లో ఏ బొత్తాం ఎక్కడుందో తెలియని వస్తువు అది. ఆ ఇంట్లో సినిమా పెట్టే పని ఎప్పటికీ ఒక్కరిదే అయిపోతుంది.

దీనికి సగం పరిష్కారం ఉంది. ప్లేస్టేషన్ 5కు సొంత మీడియా రిమోట్ ఉంది, ఎక్స్‌బాక్స్‌కు రకరకాల రిమోట్లు దొరుకుతాయి. హెచ్‌డీఎంఐ-సీఈసీ (హెచ్‌డీఎంఐ తీగతో కలిపిన యంత్రాలు ఒకదాన్నొకటి నడిపే సదుపాయం) ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తో కూడా కొన్ని పనులు జరుగుతాయి, కానీ అది టీవీని బట్టి మారుతుంది. మిగిలిన సగం, అంటే కన్సోల్ ఆన్ చేయగానే ఎదురయ్యే ఖాతాలు, అప్‌డేట్లు, ఆటల ప్రకటనలు, అవి ఏ రిమోట్‌తోనూ పోవు. విడి ప్లేయర్‌లో డిస్కు వేసి ప్లే నొక్కితే చాలు.

చప్పుడు విషయంలో మనుషుల మధ్య తేడా ఎక్కువ. కొత్త కన్సోళ్ల ఫ్యాన్లు నిశ్శబ్దంగానే తిరుగుతాయి. డిస్కు తిరిగే రొద మాత్రం నెమ్మదైన సన్నివేశాల్లో కొందరికి వినిపిస్తుంది. తెరకు దగ్గరగా, తక్కువ శబ్దంతో రాత్రిళ్లు చూసేవారు దీన్ని పట్టించుకోవాలి. కరెంటు లెక్క చూస్తే, మామూలు ప్లేయర్ సినిమా నడుపుతూ సాధారణంగా 30 వాట్ల లోపే తీసుకుంటుంది, కన్సోల్ అంతకు రెండు మూడు రెట్లు. వారానికో సినిమా చూసేవారి బిల్లులో ఇది కనిపించదు.

## కన్సోల్‌నే వాడేవారు సరిచేసుకోవలసిన సెట్టింగులు

కన్సోల్‌లో సినిమా బాగోలేదనే మాటల వెనుక చాలాసార్లు ఉండేవి ఇవే.

మొదటిది 24 ఫ్రేములు. సినిమాలు ఎక్కువగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. ఆటల కోసం సిద్ధమైన యంత్రం 60తో బయటికి పంపితే ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతిదాన్ని మూడుసార్లు చూపిస్తూ పోవాలి. స్తంభాల వరుస ముందు నుంచి కెమెరా మెల్లగా జరిగే దృశ్యంలో ఆ స్తంభాలు జారకుండా చిన్న చిన్న కుదుపులతో కదులుతాయి. ఎక్స్‌బాక్స్‌లో వీడియో మోడ్‌లలోకి వెళ్లి 24 హెర్ట్జ్‌ను అనుమతించాలి. యూరప్ నుంచి తెచ్చిన డిస్కులు ఉంటే 50 హెర్ట్జ్‌ను కూడా.

రెండోది హెచ్‌డీఆర్. ప్లేస్టేషన్ 5లో దాన్ని ఎల్లప్పుడూ ఆన్‌లో ఉంచకుండా, అవసరమైనప్పుడు మాత్రమే వచ్చే ఎంపిక పెట్టుకోండి. లేకపోతే మామూలు బ్లూ-రే, డీవీడీ కూడా హెచ్‌డీఆర్ సంకేతంగా మారి వెళ్తాయి, టీవీలో మీరు సరిదిద్దుకున్న సినిమా మోడ్ వృథా అవుతుంది. టీవీ కూడా గేమ్ మోడ్‌లోకి వెళ్లిపోయిందేమో చూడండి. ఆ మోడ్‌లో చాలా టీవీలు చిత్రాన్ని మెరుగుపరిచే పనులు మానేస్తాయి.

మూడోది ధ్వని. ప్లేస్టేషన్ 5లో డిస్కు నడుస్తుండగా ఆప్షన్స్ బొత్తాం నొక్కి, సెట్టింగులలో ఆడియో ఫార్మాట్‌ను బిట్‌స్ట్రీమ్‌కు మార్చాలి. ఎక్స్‌బాక్స్‌లో బ్లూ-రే సెట్టింగులలో ధ్వనిని రిసీవరే విప్పుకునే ఎంపిక ఉంటుంది. ఇది చేయకపోతే ధ్వని పీసీఎంగా మారి వెళ్తుంది, అట్మాస్‌లోని పై స్పీకర్ల సమాచారం దారిలోనే పోతుంది.

ఎక్స్‌బాక్స్‌లో డిస్కు మెనూ దగ్గరే ఆగిపోతుంటే, డ్రైవ్‌ను తప్పుపట్టే ముందు బ్లూ-రే సెట్టింగులలోని పర్సిస్టెంట్ స్టోరేజ్‌ను (డిస్కులు యంత్రంలో దాచుకున్న సమాచారాన్ని) ఖాళీ చేసి చూడండి. డిస్కు అంచు పట్టుకుని, మెత్తని బట్టతో మధ్య నుంచి బయటికి తుడవడం కూడా చాలాసార్లు పని చేస్తుంది.

## ఎవరికి ఏది?

డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 లేదా సిరీస్ ఎక్స్ ఇంట్లో ఉంది, నెలకు మూడు నాలుగు డిస్కులు చూస్తారు, టీవీలో డాల్బీ విజన్ లేదు లేదా దాని గురించి పట్టింపు లేదు: ఇంకేమీ కొనవద్దు. మీడియా రిమోట్ ఒక్కటి తెచ్చుకోండి. మిగిలిన డబ్బు డిస్కుల మీద పెట్టడమే మేలు.

ఆటలకు కన్సోల్ కొనబోతూ, సినిమాల కోసం డ్రైవ్ ఉన్నది తీసుకోవాలా అని ఆలోచిస్తున్నారు: తీసుకోండి. డ్రైవ్ లేని మోడల్‌కూ ఉన్నదానికీ ఉండే తేడా విడి 4కే ప్లేయర్ ధర కన్నా సాధారణంగా తక్కువే, పైగా ఆటల డిస్కులను సెకండ్‌హ్యాండ్‌లో కొనే, అమ్మే వీలూ ఉంటుంది. సిరీస్ ఎక్స్, ప్లేస్టేషన్ 5 మధ్య సినిమాల వల్ల నిర్ణయం మారకూడదు. సీడీలు ఉన్నవారు, యూనివర్సల్ రిమోట్ వాడేవారు మాత్రం ఎక్స్‌బాక్స్ వైపు చూడవచ్చు.

ఆటలు ఆడరు, డిస్కులు చూస్తారు: విడి ప్లేయర్. దీనిలో నాకు సందేహం లేదు. ఇంట్లో పెద్దవాళ్లే ఎక్కువగా వాడితే మరీను.

డాల్బీ విజన్ టీవీ లేదా ప్రొజెక్టర్ ఉంది, డిస్కుల సేకరణ పెరుగుతోంది: కన్సోల్ ఉన్నా సరే యూబీ820 స్థాయి ప్లేయర్ తీసుకోండి. మధ్యతరగతి టీవీ అయితే ముందు ఒకటి రెండు నెలలు కన్సోల్‌తోనే చూసి, వెలుగు ఎక్కువ ఉన్న సన్నివేశాల్లో వివరాలు మాసిపోతున్నాయని మీ కంటికే అనిపించాక కొనండి.

వేర్వేరు దేశాల డిస్కులు తెప్పించుకునేవారికి ఒక అదనపు లెక్క ఉంది. 4కే డిస్కులకు రీజియన్ కోడ్ లేదు, ఏ యంత్రంలోనైనా నడుస్తాయి. బ్లూ-రేకు ఏ, బీ, సీ అని మూడు రీజియన్లు, డీవీడీకి ఆరు. కన్సోల్‌ను ఏ ప్రాంతంలో అమ్మారో ఆ ప్రాంతపు డిస్కులే అది తీసుకుంటుంది, దాన్ని మార్చే వీలు వాడకందారుకు లేదు. అన్ని రీజియన్ల డిస్కులనూ ఆడించేలా సిద్ధం చేసిన విడి ప్లేయర్లు మాత్రం దొరుకుతాయి. ఒకే పెట్టెలో 4కే డిస్కుతో పాటు మామూలు బ్లూ-రే కూడా ఉంటే, అదనపు విశేషాలు తరచుగా ఆ రెండోదానిలోనే ఉంటాయి, దానికి రీజియన్ కోడ్ ఉండవచ్చు. తెప్పించుకునే ముందు అట్ట వెనుక గుర్తు చూసుకోండి.

3డీ డిస్కులు ఉన్నవారు పాత ప్లేస్టేషన్ 3, 4 గానీ ఎక్స్‌బాక్స్ వన్ గానీ అమ్మకుండా ఉంచుకోవాలి. కొత్త కన్సోల్ వచ్చిందని పాతదాన్ని ఎక్స్చేంజిలో ఇచ్చేస్తే ఆ డిస్కులు చూసే దారి మూసుకుపోతుంది. 3డీ ఆడించే విడి ప్లేయర్ కొనాలనుకుంటే, ఒకే పేరుతో వచ్చే మోడళ్లలో కూడా ఈ సదుపాయం మారవచ్చు కనుక లక్షణాల జాబితాలో 3డీ అని స్పష్టంగా రాసి ఉన్నదాన్నే ఎంచుకోండి.